తామారు వెంట ఎవరు నడిచారు?

పరిశుద్ధ గ్రంథం నిండా నడకలే. అబ్రాహాము కల్దీయుల ఊరు పట్టణాన్ని విడిచి తెలియని దేశానికి నడిచాడు. ఇశ్రాయేలీయులు నలభై ఏళ్లు అరణ్యంలో నడిచారు. తిరిగి లేచిన ప్రభువు ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యుల పక్కన నడిచాడు. ఈ నడకలన్నిటి మీదా మనం ప్రసంగాలు విన్నాం, చేశాం. ఒక్క నడక మీద మాత్రం ప్రసంగం విన్నవాళ్లు మనలో బహు తక్కువ. అది దావీదు కుమార్తె తామారు నడక.

2 సమూయేలు 13వ అధ్యాయంలో ఆ సంగతి ఉంది. అన్న వరసైన అమ్నోను జబ్బు చేసినట్టు నటించి, చెల్లెలి చేతి వంట తినాలని ఉందని తండ్రిని అడిగాడు. తండ్రే ఆమెను అతని ఇంటికి పంపాడు. ఆమె వద్దంది, బతిమాలింది, అది ఎంత దుర్మార్గమో నోరు తెరిచి చెప్పింది. అతడు వినలేదు. చేయరాని పని చేసి, ఆమెను బయటికి గెంటించి తలుపు వేయించాడు. తామారు తల మీద బూడిద పోసుకుంది. రాజకుమార్తెలు ధరించే రంగురంగుల వస్త్రాన్ని చింపుకుంది. తల మీద చెయ్యి పెట్టుకొని, గొంతెత్తి ఏడుస్తూ వీధి వెంట నడిచింది.

ఆ వీధిలో ఆమె వెంట ఎవరు నడిచారు? ఎవరూ నడవలేదు. ఎదురొచ్చిన సొంత అన్న అబ్షాలోము ఆమెను ఊరుకోమన్నాడు. వాడు నీ అన్నే కదా, మనసులో పెట్టుకోవద్దన్నాడు. తండ్రికి సంగతి తెలిసింది. గొల్యాతును పడగొట్టిన ఆ దావీదు మండిపడ్డాడని గ్రంథం చెబుతోంది గాని, ఆ కోపంతో ఆయన ఏం చేశాడో రాయలేదు. ఎందుకంటే ఏమీ చేయలేదు. తామారు ఆ తర్వాత అబ్షాలోము ఇంట్లో ఒంటరిగా, పాడుబడిన బతుకు బతికింది. ఆ మౌనం రెండేళ్లు లోలోపల కుళ్లి, అన్నదమ్ముల హత్యగా, చివరకు తండ్రి మీద కొడుకు తిరుగుబాటుగా బయటపడింది. ఇంటి పరువు కోసం దాచిన పాపం ఆ ఇంటినే కూల్చింది.

ఈ సంగతి ఇప్పుడెందుకు? ఏటా నవంబరు వచ్చేసరికి మన పట్టణాల్లో పిల్లల భద్రత కోసం నడకలు, ర్యాలీలు జరుగుతుంటాయి. ఆ నెల 14 బాలల దినోత్సవం. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో అదే రోజున అమల్లోకి వచ్చింది. పిల్లలపై లైంగిక దోపిడీ, హింసల నివారణకు, బాధితుల ఓదార్పుకు నవంబరు 18ని ప్రత్యేక దినంగా ఐక్యరాజ్యసమితి 2022లో ప్రకటించింది. సంఘాలు, పాఠశాలలు బ్యానర్లు పట్టుకొని నడవడం, బాధిత పిల్లల కోసం చందాలు వసూలు చేయడం మంచి పనే.

ఈ విషయంలో మన దేశం చూసిన పెద్ద నడక 2017 నాటి భారత్ యాత్ర. నోబెల్ శాంతి బహుమతి గ్రహీత కైలాష్ సత్యార్థి నాయకత్వంలో ఆ ఏడాది సెప్టెంబరు 11న కన్యాకుమారిలో బయలుదేరి, మన తెలుగు రాష్ట్రాల మీదుగా కూడా సాగి, అక్టోబరు 16న ఢిల్లీ చేరింది. దాదాపు 11 వేల కిలోమీటర్ల యాత్ర. పిల్లల మీద లైంగిక అకృత్యాల గురించి, పిల్లల అక్రమ రవాణా గురించి బహిరంగంగా మాట్లాడండని అది దేశాన్ని అడిగింది. నలుగురిలో ఎత్తడానికే సిగ్గుపడే మాటను నడిరోడ్డు మీదికి తెచ్చింది. లక్షలాది మంది అందులో కలిశారు. అయితే ర్యాలీ ముగిశాక బ్యానర్ చుట్టి మూల పెట్టేస్తాం. నిజమైన నడక అక్కడే మొదలవుతుందని, అది మన గుమ్మాల వైపే సాగాలని మనం మరచిపోతున్నాం.

ఎందుకంటే ఈ పాపం చీకటి సందులో పొంచి ఉన్న అపరిచితుడిది కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనాన్ని వెలువరించింది. మన ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి రాసిన నివేదిక అది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నామని చెప్పిన పిల్లలు 53 శాతం. వారిలో మగపిల్లలు సగానికి పైగా ఉన్నారు. 'మాకు మగపిల్లాడే, భయం లేదు' అనుకునే తల్లిదండ్రులు ఈ మాట రెండుసార్లు చదవాలి. చెరిచినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, పిల్లలు నమ్మినవారు. ఎక్కువ మంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తామారుకు జరిగింది కూడా ఇంటి మనిషి చేతిలోనే, తండ్రి నమ్మి పంపిన గదిలోనే.

మన ప్రాంతం సంగతి చూద్దాం. కొల్లేరు చుట్టూ చేపల చెరువుల గట్ల మీద పాకలు వేసుకొని కాపలా ఉండే కుటుంబాలున్నాయి. తల్లీతండ్రీ పనిలో ఉంటే పిల్లలు ఎవరి కంటి కిందో పెరగాలి. రొయ్యల షెడ్లకు తెల్లవారకముందే వెళ్లే తల్లులున్నారు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లి, పిల్లలను అమ్మమ్మ దగ్గర, బాబాయి దగ్గర వదిలిన తల్లులు మన సంఘాల్లోనే ఎంతమంది! వారు పంపే కానుకలతో మందిరాలకు గోడలు లేచాయి. వారి పిల్లలు క్షేమంగా ఉన్నారా అని ఏ ఆదివారమైనా అడిగామా? ఏలూరు, తాడేపల్లిగూడెం హాస్టళ్లకు చదువు కోసం చేరిన పిల్లలు మరెందరో. 2024 సెప్టెంబరులో ఏలూరులో ఒక వసతి గృహం బాలికలు, అక్కడి వ్యక్తి తమను వేధిస్తున్నాడని పోలీసులను ఆశ్రయించారు. ఆ ఆరోపణల నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. మనం గమనించవలసింది మాత్రం ఒకటుంది. ఆ పిల్లలు నోరు తెరిచారు. మన పిల్లలు నోరు తెరిస్తే వినే చెవి మన ఇంట్లో ఉందా, మన సంఘంలో ఉందా?

కాపరులుగా మేము ముందు మా తప్పు ఒప్పుకోవాలి. కన్నీళ్లతో ఒక తల్లి వచ్చి, బిడ్డకు జరిగింది చెప్పినప్పుడు మా నోట తరచుగా వచ్చే మాటలు ఏవి? 'ప్రార్థన చేద్దాం అమ్మా, తొందరపడవద్దు.' 'పిల్ల భవిష్యత్తు ఆలోచించు, రేపు పెళ్లి కావాలి.' 'సంఘం పేరు పాడవుతుంది, పెద్దల సమక్షంలో సర్దుదాం.' ఈ మాటలు అబ్షాలోము మాటలే. వాటికి ప్రార్థన ముసుగు వేశాం, అంతే. ప్రార్థన చేయాల్సిందే. కాని మంట అంటుకున్న ఇంటి ముందు మోకరించి, నీళ్ల బిందె ముట్టుకోనివాడిని ఏమంటాం?

సంఘం పరువు కోసం దాస్తే ఏమవుతుందో లోకం మన కళ్ల ముందు చూపించింది. ఇంగ్లండులో జాన్ స్మిత్ అనే న్యాయవాది క్రైస్తవ యువజన శిబిరాల్లో పెద్దగా చలామణి అయ్యాడు. భక్తి నేర్పే పేరుతో అబ్బాయిలను ఘోరంగా హింసించాడు. 1982లోనే కొందరు సంఘ నాయకులకు ఆ సంగతి తెలిసింది. పోలీసులకు చెప్పలేదు. అతడు 1984లో జింబాబ్వే వెళ్లి, అక్కడా శిబిరాలు పెట్టి, అక్కడి అబ్బాయిలనూ హింసించాడు. బాధితులు వంద మందికి పైనే. విచారణ ఎదుర్కోకుండానే 2018లో చనిపోయాడు. 2024 నవంబరులో మేకిన్ సమీక్ష నివేదిక వెలువడ్డాక, తగినంత చర్య తీసుకోలేదన్న విమర్శతో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ పదవి నుంచి తప్పుకుంటానని ప్రకటించారు. గోదావరి గడ్డకు మిషనరీలను పంపిన సంఘం అది. వారికి జరిగింది మనకు జరగదని చెప్పగల ధైర్యం ఎవరికుంది? 1982లో ఎవరైనా ఒక్కరు లేచి నిలబడితే జింబాబ్వే పిల్లలు తప్పించుకునేవారు.

మన దగ్గర చట్టం స్పష్టంగా ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ పోక్సో ఒకేలా వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసినవారు, జరగబోతోందన్న భయం ఉన్నవారు పోలీసులకు తెలియజేసి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. సంస్థ బాధ్యుడై ఉండి, తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది వరకు. పాస్టరుకు ఇందులో మినహాయింపు లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు. విద్యాసంస్థలో గాని మత సంస్థలో గాని పనిచేసేవారే అక్కడి పిల్లల మీద ఈ నేరం చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్రమైనదిగా చూస్తుంది. అనాథ పిల్లలకు ఆశ్రయం నడిపే మన సోదరులు మరొకటి గుర్తుంచుకోవాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అలాంటి గృహాలన్నీ రిజిస్టరు కావాలి. దాతలకు పంపే ఫొటోల్లో పిల్లలు నవ్వుతున్నారా అన్నది కాదు ప్రశ్న. రాత్రి తలుపులు వేశాక వాళ్లు భయం లేకుండా నిద్రపోతున్నారా అన్నది ప్రశ్న.

పోలీసు స్టేషను అంటేనే మనవాళ్లకు భయం. చట్టం ఆ భయాన్ని ఎరిగే రాశారు. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లోనే తీసుకోవచ్చు. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి యూనిఫాం లేకుండా వచ్చి అడగాలి. తల్లిదండ్రులో, బిడ్డ నమ్మిన మనిషో పక్కన ఉండాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్లో ఉంచకూడదు. నిందితుడి కంట బిడ్డ పడకుండా చూడాలి. పేరు బయటపెట్టకూడదు. కాబట్టి ఆరాధనలో పేరు చెప్పి 'ఈ బిడ్డ కోసం ప్రార్థించండి' అనడం కూడా మనం మానుకోవాలి. ఈ కేసుల విచారణకు ఏలూరులోనే ప్రత్యేక న్యాయస్థానం ఉంది. 1098 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఏ ఫోను నుంచైనా చెప్పవచ్చు. ఆ నంబరు మందిరం గోడ మీద, సండేస్కూలు గదిలో పిల్లల కంటి ఎత్తున రాసి పెడదాం.

కొందరు అడుగుతారు, క్షమించమని కదా ప్రభువు చెప్పాడు అని. చెప్పాడు. కాని క్షమాపణ గాయపడినవారి చేతిలోని వరం. గాయపరచినవాడి పక్షాన మనం లాక్కోవలసిన పత్రం కాదు. జక్కయ్య మారుమనస్సు పొందినప్పుడు మాటతో సరిపెట్టలేదు, తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిచ్చాడు. నిజంగా మారినవాడు న్యాయస్థానం ముందు నిలబడటానికి వెనుదీయడు. చిన్నపిల్లలను అభ్యంతరపరచే వాడి గురించి ప్రభువు మత్తయి 18లో పలికిన మాటలు సువార్తల్లో మిక్కిలి కఠినమైనవి. మెడకు తిరుగటి రాయి కట్టి సముద్రంలో వేయడమే అలాంటివాడికి నయమన్నాడు. ఆ మాట అనడానికి ముందు ఆయన ఏం చేశాడు? ఒక బిడ్డను పిలిచి అందరి మధ్యన నిలబెట్టాడు. శిష్యులు గొప్పవాడెవరని వాదించుకుంటున్న చోట, ఆయన బిడ్డను నడిమికి తెచ్చాడు. సంఘం పేరు, పాస్టరు పేరు, కుటుంబం పేరు అని వాదించుకునే మన మధ్యకూ ఆయన ఆ బిడ్డనే తెస్తున్నాడు.

మన సంఘాలు చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. వేసవి బైబిలు పాఠశాలలో, యవనస్థుల శిబిరంలో ఏ పెద్దవాడూ ఒక బిడ్డతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదని నియమం పెట్టుకుందాం. సండేస్కూలు టీచరును నియమించే ముందు అతని గురించి నలుగురిని అడుగుదాం. దావీదు గొల్యాతు కథతో పాటు, తన శరీరం తనదని, వద్దనిపించినప్పుడు వద్దనవచ్చని, బెదిరించినా దాచక్కర్లేదని పిల్లలకు చెబుదాం. బిడ్డ చెప్పినప్పుడు ముందు నమ్ముదాం. పదే పదే అడిగి గుచ్చకుండా, 'తప్పు నీది కాదు, చెప్పి మంచి పని చేశావు' అందాం. ఆ తర్వాత వెంటనే చెప్పవలసిన చోట చెబుదాం. కేసు నడిచినన్నాళ్లూ ఆ కుటుంబంతో పాటు కోర్టు మెట్లు ఎక్కడానికి సంఘంలో ఇద్దరు ముగ్గురిని ఏర్పాటు చేద్దాం. ఆదివారం ఆ బిడ్డ మందిరానికి వచ్చినప్పుడు గుసగుసలు వినపడకుండా, పక్కన చోటిచ్చి కూర్చోబెడదాం.

తామారు తన తల మీద బూడిద పోసుకుంది. నిజానికి ఆ బూడిద పడవలసింది అమ్నోను తల మీద. చేయని పాపానికి సిగ్గు మోసే పిల్లలు ఇవాళ కూడా మన మందిరాల్లో చాప చివర తల వంచుకొని కూర్చుంటున్నారు. యెషయా 61లో దేవుడు బూడిదను తీసివేసి పూదండ ధరింపజేస్తానన్నాడు. నజరేతు సమాజమందిరంలో మన ప్రభువు తన పరిచర్యను మొదలుపెట్టింది ఆ అధ్యాయం చదివే. ఆ పూదండ మన చేతుల మీదుగానే వారికి అందాలని ఆయన కోరిక.

వచ్చే నవంబరులో మన వీధుల్లో నడక ఉంటే వెళ్దాం, బ్యానరు పట్టుకుందాం. కాని అంతకన్నా ముందే, ఈ రాత్రి మన వీధిలో ఏ బిడ్డ అయినా తల మీద చెయ్యి పెట్టుకొని ఏడుస్తూ నడుస్తోందేమో తలుపు తీసి చూద్దాం. ఆనాడు యెరూషలేము వీధిలో తామారు వెంట ఎవరూ నడవలేదు. ఈనాడు మనం నడుద్దాం.