గుడారంలో ఒక తెలుగు తరగతి

"క్యాంపింగా? డబ్బులిచ్చి మరీ నేల మీద పడుకోవడం ఎందుకు?" హెర్న్‌డన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళల్లో ఈ మాట వినని వాళ్ళు ఉండరేమో! అందులో నిజం లేకపోలేదు. కరెంటు పోతే విసనకర్రతో విసురుకుంటూ, ఆరుబయట నులక మంచాల మీద పడుకున్న తరం మనది. వీధి పంపు దగ్గర వరుసలో నిలబడి బిందెలతో నీళ్ళు మోసిన వాళ్ళూ మనలో ఉన్నారు. ఆ కష్టం దాటడానికే కదా చదువుకున్నాం, ఇంత దూరం వచ్చాం! ఇప్పుడు సరదా పేరుతో మళ్ళీ లాంతరు, బకెట్టు నీళ్ళు అంటే పెద్దవాళ్ళకు చిరాకు కలగడం సహజం.

అయినా కిందటి జూన్‌లో మన తెలుగు బడి కుటుంబాలు కొన్ని కలిసి, మొదటిసారిగా గుడారాలు వేసుకుని ఒక రాత్రి గడిపి వచ్చాక, మేమందరం ఒక అభిప్రాయానికి వచ్చాం. ఏడాదికి ఒక్క తరగతైనా గోడలు లేని చోట, కరెంటు దీపం లేని చోట జరగాలి. పిక్నిక్‌లు మనకు చాలానే ఉన్నాయి, ఇది తరగతిగానే జరగాలి. ఎందుకో చెబుతాం.

మేము వెళ్ళింది షెనన్‌డోవా నేషనల్ పార్కులోని బిగ్ మెడోస్‌కి. హెర్న్‌డన్ నుంచి 28, 66 రోడ్లు పట్టుకుని ఫ్రంట్ రాయల్ చేరితే, అక్కడ స్కైలైన్ డ్రైవ్ మొదలవుతుంది. మొత్తం 105 మైళ్ళ కొండ రోడ్డు. బిగ్ మెడోస్ 51వ మైలురాయి దగ్గర ఉంటుంది. గంటకు 35 మైళ్ళ వేగం దాటకూడదు కాబట్టి ఆ కొండ మీదే గంటన్నర ప్రయాణం. ("ఇంకా ఎంత దూరం?" అన్న వాక్యం మాత్రం పిల్లలందరికీ తప్పుల్లేకుండా వచ్చేసింది!) ఎత్తు సుమారు 3,500 అడుగులు. కింద ఇళ్ళల్లో ఏసీలు తిరుగుతున్న జూన్‌లో అక్కడ రాత్రి స్వెట్టర్లు వేసుకున్నాం.

అక్కడ దిగగానే మొదటి పాఠం ఎలుగుబంటి చెప్పింది. (కంగారు పడకండి, అది రాలేదు. దాని పేరు మీద ఉన్న నిబంధన వచ్చింది.) ఆ అడవిలో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. అందుకని తిండి పదార్థాలే కాదు, సబ్బు, టూత్‌పేస్టు వంటి వాసన వచ్చే వస్తువులేవీ గుడారంలో ఉంచకూడదు. కారులో పెట్టి తాళం వేయాలి, లేదా అక్కడున్న ఇనప పెట్టెలో పెట్టాలి. ఈ సంగతి ఇంగ్లీషులో విన్నది పిల్లలు, తెలుగులో తెలియవలసింది బామ్మకి. మామూలుగా ఇంట్లో బామ్మతో "ఊఁ", "వద్దు", "తర్వాత" అనే మూడు మాటలతో రోజు గడిపేసే పిల్లలు ఇక్కడ తప్పించుకోలేకపోయారు. "వాసన వచ్చేవన్నీ కారులో పెట్టాలి బామ్మా, ఎలుగుబంటి వస్తుంది!" అని ఒకరు. "మరి ఆవకాయ సీసానో?" "అదే ముందు!" "కొబ్బరి నూనె?" "అది కూడా!" ఇలా పావుగంట సాగింది. పాఠ్యపుస్తకంలో 'ఎ' అక్షరం పక్కన బొమ్మగా ఉండే ఎలుగుబంటి ఆ పావుగంటలో అసలైన మాట అయిపోయింది.

అక్కడితో ఆగలేదు. రోడ్డుకు దూరంగా అడవి లోపల నడిచి వెళ్ళి పడుకునే వాళ్ళు, తమ తిండిని నేలకు కనీసం 10 అడుగుల ఎత్తున, చెట్టు మొదలుకు 4 అడుగుల దూరంగా తాడుతో వేలాడదీయవచ్చునని పార్కు నిబంధన. ఇది విని బామ్మ, "అంటే ఉట్టి కదర్రా! మేము పిల్లికి అందకుండా కట్టేవాళ్ళం, వీళ్ళు ఎలుగుబంటికి అందకుండా కడుతున్నారు" అంది. కృష్ణాష్టమికి కొట్టే ఉట్టి తప్ప మన పిల్లలకు వేరే ఉట్టి తెలియదు. వంటింట్లో పాలు, పెరుగు, వెన్న దాచుకునే చోటు అదేనని, చిన్ని కృష్ణుడి అల్లరి కథ అంతా దాని ఎత్తు మీదే ఆధారపడి ఉందని ఆ రోజే తెలిసింది.

ఇక నిప్పు సంగతి. అసలు ఈ వ్యాసం రాయాలనిపించింది దీని వల్లే.

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్ళకూడదు. యాష్ చెట్లను తినేసే ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు కట్టెలతో పాటు ఊళ్ళు మారుతుంది. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఈ పురుగు 2008 నాటికి మన ఫెయిర్‌ఫాక్స్ కౌంటీకి కూడా చేరింది. (ఇదీ ఆసియా నుంచి వలస వచ్చినదే సుమా!) అందుకని కట్టెలు అక్కడే కొన్నాం. వాటిని అంటించడానికి ఇంజనీర్లు నలుగురు, అగ్గిపెట్టె ఒకటి, లైటర్లు రెండు, యూట్యూబ్ పరిజ్ఞానం కొంత... అరగంటకు పొగ మాత్రం బాగా వచ్చింది. చివరికి అమ్మమ్మ ఒకావిడ కుర్చీ దగ్గరకు లాక్కుని, దుంగలన్నీ తీయించి, కింద ఎండు చితుకులు పేర్పించి, గాలి ఆడేందుకు సందు వదిలి, "ఊదుగొట్టం ఏదీ?" అని అడిగారు. పేపర్ టవల్ చుట్ట లోపలి అట్ట గొట్టం ఇచ్చాం. రెండు ఊదులు ఊదేసరికి మంట లేచింది. ఆవిడ హెర్న్‌డన్ వచ్చి నాలుగు నెలలైంది. మైక్రోవేవ్ నొక్కడానికి కూడా మనవడిని అడగవలసిన ఇంట్లో, నాలుగు నెలలూ ఎవరూ ఆవిడని ఏదీ నేర్పమని అడగలేదు. ఆ సాయంత్రం పదకొండు మంది పిల్లలు ఆవిడ చుట్టూ కూర్చుని "ఇప్పుడేం చెయ్యాలి?" అని అడుగుతూనే ఉన్నారు. చితుకు, సెగ, రవ్వ, మసి, కొరివి... ఒక్క మాట కూడా బోర్డు మీద రాయలేదు.

మర్నాడు పొద్దున పొయ్యి చల్లారినట్టే కనబడింది, పైన తెల్లటి బూడిద. ఒక తాతయ్య పుల్లతో కదిపితే లోపల ఎర్రగా కణకణలాడుతూ నిప్పు! పెద్ద తరగతి పిల్లలు జాతీయాల పాఠంలో 'నివురు గప్పిన నిప్పు' అని బట్టీ పట్టారు. పరీక్షలో అర్థం కూడా సరిగ్గానే రాశారు. కానీ నివురు అంటే ఏమిటో అంతకు ముందు ఒక్కరూ చూడలేదు. ఎలా చూస్తారు, మన ఇళ్ళల్లో మంట ఒక మీట తిప్పితే వస్తుంది, తిప్పితే పోతుంది. నీళ్ళు పోసి, కలిపి, చేతికి చల్లగా తగిలేదాకా పొయ్యిని వదిలి వెళ్ళకండి అని రేంజర్లు ఎందుకు చెబుతారో కూడా అప్పుడే అర్థమైంది. అడవులు తగలబడకుండా చెప్పే జాగ్రత్త, మన జాతీయం, రెండూ చెప్పేది ఒక్కటే.

పిల్లలూ, చుక్కల సంగతి మీకోసం. అమావాస్య దగ్గరి రోజు చూసుకుని వెళ్ళాం కాబట్టి ఆకాశం నిండా చుక్కలు. డలెస్ విమానాశ్రయం వెలుగుల పక్కన మనకు అన్ని కనబడవు. సప్తర్షి మండలంలో తోక మధ్య చుక్క వశిష్ఠుడు, దానికి ఆనుకుని సన్నగా అరుంధతి. పెళ్ళిలో పట్టపగలు ఆకాశంలోకి చూపించి "కనబడిందా?" అంటే "కనబడింది" అని మీ అమ్మానాన్నలు అన్నది ఈ చుక్క గురించే! ధ్రువ నక్షత్రాన్ని మాత్రం తాతయ్య ఉత్తరం దిక్కున కిందికంటా వెతికారు, దొరకలేదు. ధ్రువుడు ఎంత ఎత్తులో కనబడతాడన్నది మనం భూమి మీద ఎంత ఉత్తరాన ఉన్నామన్న దాని మీద ఉంటుంది. విజయవాడలో సుమారు 16 డిగ్రీలు, ఇక్కడ 38 దాటి. చెయ్యి చాచి పిడికిలి పడితే దాదాపు 10 డిగ్రీలు. అక్కడ రెండు పిడికిళ్ళకు తక్కువ, ఇక్కడ నాలుగుకు దగ్గర. మీ తాతయ్యతో కలిసి కొలిచి చూడండి. భారతదేశం వెళ్ళినప్పుడు మళ్ళీ కొలవండి.

మోకాళ్ళ నొప్పులున్న ఇద్దరు పెద్దలకు 57వ మైలు దాటాక ఉన్న లూయిస్ మౌంటెన్‌లో క్యాబిన్ తీసుకున్నాం. ఆ చోటికి ఒక చరిత్ర ఉంది. 1935లో పార్కు ఏర్పడింది, 1936లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ బిగ్ మెడోస్‌లోనే అంకితోత్సవం జరిపారు. కానీ 1939లో తెరిచిన లూయిస్ మౌంటెన్ నల్లజాతి వారి కోసం వేరు చేసి పెట్టిన చోటు. 1950 నాటికి గానీ ఆ విభజన పూర్తిగా తొలగలేదు. ఇంకో 15 ఏళ్ళకు, 1965లో వచ్చిన వలస చట్టం మన వాళ్ళకు ఈ దేశం తలుపు తీసింది. ఆ రెండింటి వెనకా ఉన్న పోరాటం ఒకటేనని మా నమ్మకం. పార్కు కోసం ఆ కొండల్లో తరతరాలుగా ఉంటున్న వందల కుటుంబాలను ఖాళీ చేయించారు కూడా. అడవిలో వాళ్ళ సమాధులు ఇంకా కనబడతాయి. ఇది విన్నాక శ్రీశైలం ముంపులో 1981లో ఊరు పోగొట్టుకున్న తాతయ్య ఒకరు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తమ ఊరి గుడి సంగతి చెప్పారు. అది ఆయన కొడుక్కి కూడా అంతకు ముందు తెలియదట.

అభ్యంతరాలు ఉన్నాయి. "ఆడవాళ్ళకు ఇంట్లో వంట చాలదా, అడవిలో కూడానా?" అని ఒక అమ్మ సూటిగా అడిగారు. ఈ ప్రశ్న న్యాయమైనది. కాబట్టి మా సూచన ఏమిటంటే, ఆ రోజు వంట నాన్నలది. పులిహోర ఇంటి దగ్గరే కలుపుకుంటే సగం పని అయిపోతుంది. మూడు కూరలు, రెండు స్వీట్లు, మైకు, అంత్యాక్షరి పెట్టి దీన్ని ఇంకో అసోసియేషన్ వేడుకగా మార్చవద్దని కూడా మనవి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అక్కడ నిశ్శబ్దం పాటించాలి, పక్క గుడారాల వాళ్ళు కూడా నిద్రపోవాలి కదా! పసిపిల్లలున్న వాళ్ళు అంత దూరం రానక్కర్లేదు, పక్కనే రెస్టన్‌లో లేక్ ఫెయిర్‌ఫాక్స్ పార్కులో గుడారం వేసుకునే వీలుంది. చుక్కలు తగ్గుతాయి, విమానాలు పెరుగుతాయి, అంతే. గుడారాలు అందరూ కొనక్కర్లేదు, ఒకరివి ఒకరు అరువు తీసుకోవచ్చు. పిల్లల బాధ్యత ఎవరిది అన్నదానికి సమాధానం ఒకటే: ఎవరి పిల్లలకు వాళ్ళ తల్లిదండ్రులే. పిల్లలను దింపేసి వెళ్ళిపోయే పద్ధతి ఇక్కడ కుదరదు.

వచ్చే జూన్‌లో, బడులకు సెలవులిచ్చాక వచ్చే అమావాస్య దగ్గరి శనివారం అనుకుంటున్నాం. చోటు నెలల ముందే రిజర్వు చేసుకోవాలి కాబట్టి సంక్రాంతి లోపు పేర్లు ఇవ్వండి. ఇంట్లో అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటే వాళ్ళ పేర్లు ముందు రాయండి, ఉపాధ్యాయుల పట్టికలో. ఎవరింట్లోనైనా నిజమైన ఊదుగొట్టం ఉంటే అది కూడా తీసుకురండి.