పరుగు ఆగిన తరువాత



ఈ నెల మనము ఒక ఫుట్‌బాల్ ఆటగాని జీవితమును గూర్చి ఆలోచించుదము. సంఘపత్రికలో ఆటల ముచ్చట ఎందుకని పెద్దలలో కొందరు అనుకోవచ్చును. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాసినప్పుడు పందెపు రంగమును, పరుగెత్తువారి క్రమశిక్షణను ఉదాహరణగా తీసుకొన్నాడు (1 కొరింథీ. 9వ అధ్యాయము). కొరింథువారికి ఆ పందెములు బాగుగా తెలిసినవి గనుక అలా వ్రాశాడు. మన పిల్లలకు కూడ ఆటలు తెలుసు. ఫ్రాన్సు, బ్రెజిల్ ఆటగాళ్ళ పేర్లు సెల్‌ఫోనులో చూచి చెప్పే పిల్లలు ఈనాడు మన పల్లెలలో ఉన్నారు. అయితే మన హైదరాబాదు గడ్డ మీద పుట్టి ఆ ఫ్రాన్సు జట్టునే ఎదిరించి నిలిచినవాడు ఒకడున్నాడని చాలమందికి తెలియదు.

ఆయన పేరు తులసీదాస్ బలరామ్. 1936లో సికింద్రాబాదు ప్రక్కన అమ్ముగూడలో ఒక బీద కుటుంబములో పుట్టాడు. ఆట మీద ప్రాణము పెట్టుకొన్న పిల్లవానికి బూట్లు కొనుక్కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పడవేసిన పాతబూట్లను చెప్పులు కుట్టే ఒకాయన రెండు రూపాయలకు ఆటబూట్లుగా మార్చి ఇచ్చాడని చెబుతారు. అవే ఆయన మొదటి బూట్లు.

ఆ రోజులలో హైదరాబాదు ఫుట్‌బాల్ అంటే దేశమంతటికి గౌరవము. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. ఆయన బడిపంతులు. భారత జట్టుకు కూడ ఆయనే కోచ్. బలరామ్ ఆట రహీమ్ గారి కంట పడింది. నగరమునకు వచ్చి అభ్యాసము చేయుమంటే, అమ్ముగూడ నుండి రోజూ వచ్చుటకు డబ్బు లేదని కుర్రవాడు చెప్పాడట. రహీమ్ గారు సైకిలు అద్దెకు డబ్బు ఇచ్చి రప్పించుకొన్నారట.

అక్కడ నుండి ఆ జీవితము వేగముగా సాగింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళినప్పుడు బలరామ్‌కు ఇరువై ఏండ్లు. ఆ ఒలింపిక్స్‌లో భారతదేశము నాలుగవ స్థానములో నిలిచింది. తరువాత ఆయన కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరి, దానికి నాయకుడయ్యాడు. 1960లో రోము ఒలింపిక్స్‌లో హంగేరీ చేతిలో మనవారు 2-1తో ఓడిపోయారు. ఆ ఒక్క గోలు బలరామ్‌ది. తరువాత ఫ్రాన్సుతో ఆట 1-1తో సమానముగా ముగిసింది. అక్కడికి వచ్చినది ఔత్సాహికుల జట్టే అయినను, 1998లోను 2018లోను ప్రపంచకప్పు గెలిచిన దేశముతో మనవారు ఒకనాడు సమానముగా నిలిచారన్నది చిన్న సంగతి కాదు. పెరూతో 3-1తో ఓడిన ఆటలో కూడ మన గోలు బలరామే చేశాడు.

1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ జరిగాయి. అప్పటికే రహీమ్ గారి ఒంటిలో క్యాన్సరు ఉంది. ఫైనల్‌లో దాదాపు లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకముగా కేకలు వేస్తుండగా మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకము గెలిచింది. ఆ జట్టులో బలరామ్ ఉన్నాడు. ఆ సంవత్సరమే ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

మరుసటి సంవత్సరము, 1963లో, రెండు సంగతులు జరిగాయి. జూన్ నెలలో రహీమ్ గారు కన్నుమూశారు. బలరామ్‌కు ఊపిరితిత్తుల పైపొర వాచే ప్లూరసీ అను జబ్బు వచ్చింది. ఆటగానికి ఊపిరే ఆస్తి. దాదాపు ఇరువదియేడేండ్ల వయసులోనే ఆయన ఆట ముగిసింది.

ప్రియులారా, ఇక్కడ కాస్త ఆగుదము. అదే వయసు పిల్లలు మన ఇండ్లలో ఉన్నారు గదా!

మొదటిది, ఆ పిల్లవానిని చూచిన కన్ను. యెష్షయి ఇంటికి సమూయేలు వచ్చినప్పుడు తండ్రి ఏడుగురు కుమారులను వరుసగా నిలువబెట్టాడు. గొఱ్ఱెల దగ్గరనున్న చిన్నవానిని పిలువవలెనని ఎవరికిని తోచలేదు. సమూయేలు అడిగిన తరువాతనే కబురు వెళ్ళింది (1 సమూ. 16). మన ఆలంపూర్, గద్వాల ప్రాంతములో సీడు పత్తి చేలలో క్రాసింగు పని వచ్చే నెలలలో బడికి పోవలసిన పిల్లలు ఎంతమంది చేలలో ఉంటున్నారో మనకు తెలుసు. తల్లిదండ్రులు బొంబాయికి, పూనాకు వలసపోతే అవ్వ దగ్గర మిగిలిపోయే పిల్లలను కూడ ఎరుగుదుము. సండేస్కూలు హాజరు పిలుచునప్పుడు రాని పిల్లవాడు ఎక్కడున్నాడని అడుగువారు ఉన్నారా? ఒక సైకిలు అద్దె అంత చిన్న సహాయము ఒక జీవితమునకు దారి తీసింది. రహీమ్ గారు ఆ కుర్రవాని మతము చూడలేదు, ఇల్లు చూడలేదు. మన ప్రభువు చిన్నపిల్లలను దగ్గరకు పిలిచినవాడు గదా. ఆయనను వెంబడించు మన కన్ను అంతకంటె తక్కువగా చూడవచ్చునా?

రెండవది, ఆయన ఆడిన స్థలము. బలరామ్ ముందువరుస ఆటగాడే గాని, మధ్య మైదానములోనికి దిగి వచ్చి బంతిని అందుకొని, ముందున్నవారికి దారి చేసి అందించుటలో పేరుపొందాడు. గోలు చేసినవాని పేరు వార్తాపత్రికలో పడుతుంది. బంతి అందించినవాని పేరు ఆట తెలిసినవారికే గుర్తుంటుంది. సంఘములోను అంతే. పాట పాడేవారు, ప్రసంగించేవారు కనబడతారు. శనివారము సాయంత్రము మందిరము ఊడ్చి చాపలు పరచే అక్క కనబడదు. రెఫీదీములో మోషే చేతులను అహరోను, హూరు ఎత్తి పట్టుకొన్నందుననే యెహోషువ గెలిచాడు (నిర్గమ. 17). వారిద్దరు ఆనాడు కత్తి పట్టలేదు.

మూడవది, పరుగు ఆగిన తరువాత సంగతి. దీనిని గూర్చియే మేము ముఖ్యముగా వ్రాయదలచితిమి.

మా ప్రాంతములో యౌవనస్థులు అనేకులు తెల్లవారుజామున లేచి రోడ్డు వెంట పరుగులు తీస్తుంటారు. పోలీసు సెలక్షన్లు, మిలిటరీ సెలక్షన్లు వారి ఆశ. ఒక్కొక్క ఇంట కోచింగుకు అప్పు తెచ్చిన తల్లి ఉంటుంది. పరుగులో కొన్ని క్షణములు ఆలస్యమైతే, ఎత్తు ఒక సెంటీమీటరు తక్కువైతే, మోకాలు వాస్తే, ఆ పిల్లవాడు ఇంటికి తిరిగి వస్తాడు. ఆ రాత్రి ఆ ఇంటిలో ఏమి మాట్లాడుకొంటారు? "ఇంత ఖర్చు పెట్టి పంపితే ఇదా నీవు చేసింది?" అన్న ఒక్క మాట చాలు. పురుగుల మందు డబ్బా ప్రతి రైతు ఇంటిలో చేతికందేంత దగ్గర ఉంది. ఈ మాట మేము ఊరకే వ్రాయుట లేదు. సమాధి కార్యక్రమములలో నిలువబడి ప్రార్థించినవారముగా వ్రాయుచున్నాము.

పరిశుద్ధ గ్రంథములో పరుగు లేనివాడు ఒకడున్నాడు. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు ఐదేండ్ల వాడైయుండగా, దాది అతనిని ఎత్తుకొని పారిపోవుచుండగా, క్రింద పడి రెండు కాళ్ళు కుంటివయ్యాయి (2 సమూ. 4:4). రాజు మనుమడు లోదెబారులో మరియొకని ఇంట తలదాచుకొన్నాడు. తనను తాను చచ్చిన కుక్కతో పోల్చుకొన్నాడు. దావీదు అతనిని పిలిపించి ఏమి చేశాడు? కాళ్ళు బాగుపడిన తరువాత రమ్మనలేదు. యుద్ధమునకు పనికివచ్చునా అని అడుగలేదు. యోనాతానుతో చేసిన నిబంధనను బట్టి తన బల్లయొద్ద కూర్చుండబెట్టాడు. ఆ అధ్యాయము ముగింపు గమనించండి: అతడు ప్రతిదినము రాజు బల్లయొద్ద భోజనము చేశాడనియు, అతని రెండు కాళ్ళు కుంటివేననియు వ్రాయబడింది (2 సమూ. 9). కాళ్ళు మారలేదు గాని కూర్చున్న చోటు మారింది.

బలరామ్ సంగతి చూడండి. ఆట పోయినను ఆయన ఫుట్‌బాల్‌ను విడువలేదు. కోచ్‌గా పనిచేసి చిన్నవారికి నేర్పాడు. తనతోపాటు ఆడిన చునీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది, ఆయనకు రాలేదు. ఆ నొప్పి ఆయన మనసులో ఉండిపోయింది. పెండ్లి చేసుకోలేదు. కలకత్తా సమీపమున ఉత్తరపారాలో జీవించి 2023 ఫిబ్రవరి 16న మరణించాడు. మనుష్యుల చప్పట్లు ఎంత గొప్పవైనను పరుగు ఆగగానే తగ్గిపోతాయి. వాటి మీద ఆనుకొన్న హృదయమునకు నొప్పి తప్పదు. ఆయనను నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. మరచిపోయినది లోకము.

సంఘము లోకమువలె ఉండకూడదు. మన ప్రభువు బల్ల గెలిచినవారికి మాత్రమే వేయబడలేదు. సెలక్షనులో తప్పినవాడు, ఇంటరు ఫెయిలైనవాడు, బోరు ఎండి అప్పులపాలైన రైతు, పక్షవాతముతో మంచము పట్టిన తాత ఆ బల్లయొద్దకు పిలువబడినవారే. సిలువ రక్తముచేత కొనబడినవాని విలువను ఒక గడియారము నిర్ణయింపలేదు.

తల్లిదండ్రులారా, ఫలితములు వచ్చు దినమున మీ బిడ్డకు మొదట అన్నము పెట్టండి, మాటలు తరువాత. ఆ రాత్రి ఒంటరిగా పండుకోనియ్యకండి. పురుగుల మందును తాళము వేసిన పెట్టెలో ఉంచండి. పెద్దలారా, అట్టివాడు ఆదివారము వెనుక వరుసలో కూర్చుంటే, ఫలితము అడుగక చేయిపట్టుకొని ముందుకు తీసుకొని రండి. యౌవనస్థులారా, పరుగెత్తుట మానకండి. శక్తి ఉన్నంతవరకు కష్టపడండి. తప్పితే దాగుకొనక మీ కాపరి ఇంటికి రండి. రాత్రి ఏ వేళయైనను తలుపు తట్టండి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో 2 సమూయేలు 9వ అధ్యాయమును ఇంటిల్లిపాది కలిసి చదువుకొనండి. చదివిన తరువాత, మన ఊరిలో ఈ సంవత్సరము పరుగు ఆగిపోయినవారు ఎవరని ఒకరినొకరు అడుగుకొనండి. ఆ పేరు ప్రార్థనలో చెప్పి, మరునాడు ఆ ఇంటికి వెళ్ళి, వారిని మీ బల్లయొద్దకు భోజనమునకు పిలువండి.

ప్రభువు కృప మీ కుటుంబములకు తోడైయుండును గాక. ఆమేన్.