ఐర్లండు లెక్కల్లో ఎవరి గింజలు?

ఐరోపా పడమటి అంచున ఐర్లండు అనే చిన్న దేశం ఉంది. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 51 లక్షలు. విడిపోకముందు మన తూర్పు గోదావరి జిల్లాలో ఎంతమంది ఉండేవారో దాదాపు అంతే. ఈ చిన్న దేశం 2025లో మొదటి మూడు నెలల్లోనే 9.7 శాతం ఎదిగిందని ఆ ఏడాది జూన్‌లో అక్కడి గణాంక కార్యాలయం ప్రకటించింది. అంతకుముందు ఏప్రిల్‌లో అదే కార్యాలయం చెప్పిన అంచనా 3.2 శాతం. రెండు నెలలు తిరగకుండా లెక్క మూడింతలైంది.

ఆ మూడు నెలల్లో అక్కడి కూలీవాడి కూలి మూడింతలైందా? లేదు. అమెరికా ప్రభుత్వం దిగుమతి సుంకాలు వేయబోతోందని తెలిసి, ఐర్లండులో ఫ్యాక్టరీలున్న మందుల కంపెనీలు గడువు ముంచుకొచ్చేలోగా సరుకును హడావుడిగా అమెరికాకు ఎగుమతి చేశాయి. ఆ సరుకు విలువంతా దేశ ఉత్పత్తి కింద జమ అయింది. ఎదుగుదల అంటే ఇదేనన్నమాట!

ఇలా జరగడం మొదటిసారి కూడా కాదు. 2015లో ఆ దేశం 7.8 శాతం ఎదిగిందని ముందు చెప్పారు. 2016 జులైలో లెక్క సవరించి 26 శాతం అన్నారు. కొత్తగా సాగులోకి వచ్చిన భూమి లేదు, పుట్టుకొచ్చిన ఊళ్లూ లేవు. బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్లను, హక్కుల పత్రాలను అక్కడికి మార్చుకున్నాయి. కంపెనీ లాభాలపై అక్కడ పన్ను అప్పుడు 12.5 శాతమే కదా! చైనాలో తయారైన సరుకైనా, దాని సొంతదారు ఐర్లండులో నమోదైన కంపెనీ అయితే ఐర్లండు ఎగుమతిగానే రాసుకుంటారు. అమెరికా ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ ఈ లెక్కను బాహాటంగానే ఎగతాళి చేశాడు.

మన భాషలో చెప్పుకుందాం. పొరుగూరి దొర తన ధాన్యం బస్తాలు తెచ్చి మన ఊరి గిడ్డంగిలో దించాడనుకోండి. కరణం వచ్చి బస్తాలు లెక్కపెట్టి, ఈ ఏడు మీ ఊరి దిగుబడి రెట్టింపైందని రాసుకుపోయాడు. బస్తాలు ఉన్నమాట నిజమే, కరణం అబద్ధం రాయలేదు. కానీ వాటిలో మన కళ్ళంలో పండిన గింజలెన్ని? మన ఇంటి కుండలోకి వచ్చేవెన్ని?

ఐర్లండు గణాంకులు కూడా ఈ సంగతి గ్రహించారు. కంపెనీల పేటెంట్ల తరుగుదలను, అద్దెకు తిప్పే విమానాల తరుగుదలను, అక్కడ పేరుకు మాత్రమే ఉన్న కంపెనీల లాభాలను తీసేసి, 2017 నుంచి మరో ఆదాయం లెక్క విడిగా ప్రకటిస్తున్నారు. ఆ లెక్క చూస్తే దేశం ఆదాయం జీడీపీలో ఐదింట మూడు వంతులకు అటూ ఇటూగానే తేలుతోంది. తక్కినదానికి గిడ్డంగి ఐర్లండుదే, గింజలు మాత్రం పరాయివాళ్లవి.

ఆ కంపెనీల వల్ల ఏమీ ఒరగలేదని మేము అనడం లేదు. ఉద్యోగాలు వచ్చాయి, ఖజానాకు పన్ను దండిగా వస్తోంది. కాని ఆ పన్నులో పెద్ద భాగం కొద్ది కంపెనీలనుంచే వస్తోంది. అవి రేపు మూటాముల్లె సర్దుకుంటే ఖజానా గతేమిటి? పైగా ఇంత ఎదిగిందన్న దేశంలోనే 2025లో తాత్కాలిక వసతుల్లో తలదాచుకుంటున్న ఇల్లు లేనివారు 15 వేలు దాటారు. వారిలో వేలమంది పసిపిల్లలు. అద్దె కట్టలేనివాడికి 9.7 శాతం తలమీద కప్పు అవుతుందా?

ఇల్లు నిండటం వేరు, లెక్క నిండటం వేరు అని ఐర్లండు పేదరైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1845లో మొదలైన బంగాళాదుంప తెగులు కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. ఆ ఏళ్లలోనే ఆ దేశపు రేవులనుంచి ధాన్యమూ పశువులూ ఇంగ్లండుకు ఓడలెక్కాయి.

మన దేశంలోనూ మూడు నెలలకోసారి ఎదుగుదల శాతం ప్రకటిస్తారు, పత్రికలు పెద్ద అక్షరాలతో అచ్చేస్తాయి. మన పనివాళ్లలో నూటికి 46 మంది వ్యవసాయం మీదే బతుకుతున్నారని 2023-24 ప్రభుత్వ సర్వే చెప్పింది. అందుకని శాతం వినగానే చప్పట్లు కొట్టకండి, కొట్టిపారేయకండి కూడా. సభల్లో, సంఘాల్లో కూర్చుని అడగండి: పెరిగిందేమిటి? అది ఎవరి చేతికి పోయింది? ఈ మూడు నెలల్లో రోజుకూలి ఎంత పెరిగింది, బియ్యం ధర ఎంత పెరిగింది? ఆ శాతం పక్కనే కూలి లెక్క కూడా అచ్చేయమని పట్టుబట్టండి. ఐర్లండు గణాంకులు రెండో లెక్క రాయగలిగినప్పుడు, మన దగ్గర రాయడానికి అడ్డేమిటి?