ఆ చప్పుడు తీసేయకండి

2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోయిన రోజు మా ఫ్రెండ్స్ అందరి స్టేటస్‌లలోనూ ఒకటే పాట, 2011లో వచ్చిన 'జై బోలో తెలంగాణ' సినిమాలోది. నేనూ అదే పెట్టాను. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు తెలిసిన గద్దర్ అంతే. ఒక సినిమా పాట, భుజాన గొంగడి, చేతిలో కర్ర.

అసలు గద్దర్‌ని విన్నది ఆ దసరా సెలవుల్లో, వేంసూరులో మా పెదనాన్న ఇంట్లో. అటక మీద సామాను దించుతుంటే బిస్కెట్ల డబ్బాలో ఏడు క్యాసెట్లు దొరికాయి. అన్నీ సినిమా పాటల కవర్లే. కానీ క్యాసెట్ల వెనక అంచున ఉండే చిన్న గళ్లకు కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. కంపెనీ క్యాసెట్ మీద మళ్లీ రికార్డు చేయాలంటే ఆ గళ్లు మూయాలట. "అవి సినిమా పాటలు కాదురా, సభలయి" అన్నాడు పెదనాన్న. మరి కవర్లు ఎందుకు మార్చలేదు అంటే, "అప్పట్లో ఇంట్లో ఇవి ఉన్నయ్యని పైకి చెప్పుకునే రోజులా అవి?" అన్నాడు.

నిజమే. గద్దర్ 1985లో అజ్ఞాతంలోకి వెళ్లి 1990లో బయటికొచ్చారు. ఆ ఏడాది హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో ఆయన పాట వినడానికి లక్షల్లో జనం వచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక బుల్లెట్ చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. అలాంటి మనిషి గొంతు ఊళ్లకు చేరింది ఎక్కువగా ఇలాగే: ఎవరో సభలో టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్నది, దానికి కాపీ, ఆ కాపీకి ఇంకో కాపీ.

సత్తుపల్లిలో పాత ప్లేయర్‌కి బెల్టు మార్పించి మొదటి క్యాసెట్ పెట్టాం. ముందు గుయ్‌మని హోరు. మైకు కీచుమంది. ఎక్కడో పిల్ల ఏడుస్తోంది. తర్వాత డప్పు, గజ్జెలు, ఆ గొంతు. పాట మధ్యలో ఆగి మాట్లాడతాడు, జనాన్ని ప్రశ్న అడుగుతాడు, వాళ్లు కేకేసి జవాబిస్తే ఆ కేక మీద నుంచే మళ్లీ పాట ఎత్తుకుంటాడు. ఒగ్గుకథలో, బుర్రకథలో ఉండే పద్ధతే ఇది. స్టూడియోలో పాడితే ఎవరిని అడుగుతాడు? ఎవరు జవాబిస్తారు?

ఇక నాలోని ఇంజనీర్ ఊరుకుంటాడా! హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ల్యాప్‌టాప్‌కి కేబుల్ వేసి, ఆడాసిటీలో ఎక్కించి, నాయిస్ రిడక్షన్ కొట్టాను. హోరు పోయింది. సంబరంగా పెదనాన్నకి వినిపించాను. రెండు నిమిషాలు విని, "గజ్జెలేవిరా?" అన్నాడు. గజ్జెల మోత, టేపు హోరు రెండూ పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ రెండిటినీ కలిపి ఊడ్చేసింది. జనం గోల కూడా సగం పోయింది. మిగిలింది శుభ్రంగా ఉంది, కానీ అది సభ కాదు.

నా వాదన ఇదే. ఇలాంటి రికార్డింగుల్లో మనం నాయిస్ అనుకునేదాంట్లో సగం పాటే. బాబ్ డిలాన్ సంగతే చూడండి. 1966లో ఆయన ఎలక్ట్రిక్ గిటార్‌తో చేసిన ఒక కచేరీ టేపు దొంగచాటుగా చేతులు మారుతూ, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగిందన్న పేరుతో ఏళ్ల తరబడి తిరిగింది. తీరా అది మాంచెస్టర్‌ది. 1998లో కంపెనీ అధికారికంగా విడుదల చేసినప్పుడు, కోపమొచ్చిన శ్రోత ఒకడు "జూడాస్" అని అరిచిన అరుపును తీసేయలేదు. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పేది ఆ అరుపే కదా.

"పాత గద్దర్‌ని పట్టుకుని ఏం చేస్తావ్, తర్వాత ఆయనే మారిపోయాడుగా" అంటాడు మా రూమ్మేట్. మారారు. బ్యాలెట్ వద్దన్న మనిషి 2018లో ఓటేశారు, పోయే ముందు పార్టీ కూడా పెట్టారు. ఆయన రాజకీయాలతో ఎవరైనా విభేదించొచ్చు. కానీ విభేదించడానికైనా ముందు వినాలి కదా! ఇప్పుడు రాష్ట్ర సినిమా అవార్డులకు ఆయన పేరుంది. పేరు మిగిలి గొంతు పోతే ఏం లాభం?

టేపుకి బూజు పడుతుంది, అయస్కాంతపు పూత రాలిపోతుంది. మీ ఇళ్లల్లోనూ అటకల మీద ఇలాంటివి ఉంటాయి: గద్దర్‌వే కానక్కర్లేదు, వంగపండువి కావచ్చు, మీ ఊరి చెక్కభజనవి కావచ్చు. ఈ సెలవుల్లో దించండి. గంట క్యాసెట్ వేవ్ ఫైల్ చేస్తే 600 ఎంబీ పైచిలుకు, అంతే. ముడి ఫైల్‌ని ముట్టుకోకండి, ప్రయోగాలు కాపీ మీద చేయండి. ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది ఇంట్లో పెద్దవాళ్లని ఇప్పుడే అడిగి రాసిపెట్టండి. మా ఏడింటిలో నాలుగు ఎక్కడివో పెదనాన్నకే గుర్తులేదు.

ఆఖరి క్యాసెట్ పాట మధ్యలో అయిపోయింది. ఒక వైపు 30 నిమిషాలే కదా. లాస్ట్‌లో కొంచెం పాత సినిమా పాట తోక వినిపించి టప్‌మని ఆగింది. నేను కేబుల్ తీయబోతుంటే, వాకిట్లో మంచం మీదున్న పెదనాన్న మిగతా చరణం పాడేశాడు. ఒక్క మాట తడబడలేదు.

రికార్డింగ్ అప్పటికే ఆపేశాను. ఇప్పటికీ బాధగానే ఉంది.