రోగితో పాటే వైద్యుడు

"సిస్టమ్ ప్రొటెక్షన్" అన్న పేరే పెద్ద మోసం. 2000లో విండోస్ ఎమ్ఈతో వచ్చిన సిస్టమ్ రిస్టోర్ కాపాడేది విండోస్‌ను. మీరు వ్రాసుకున్న కథలకు, పిల్లల ఫొటోలకు దాని పూచీ లేదు. పైగా రిస్టోర్ పాయింట్లూ, రికవరీ పార్టిషనూ సాధారణంగా ఉండేది అదే డిస్కులో. డిస్కు పోతే రోగితో పాటు వైద్యుడూ పోయినట్టే! 'సి' నుండి 'డి'కి మార్చి దాచామనుకోవడం మరో భ్రమ. నడుమ గోడ కట్టినంత మాత్రాన ఒక ఇల్లు రెండిళ్ళవుతుందా? 2017లో వానాక్రై ఫైళ్ళకు తాళం వేయడమే గాక, విండోస్ దాచుకున్న పాత ప్రతులనూ చెరిపివేసింది. అచ్చుకెక్కని రచనకు కంప్యూటరులోని ప్రతి ఒక్కటే ఆధారం. నెలకొకమారైనా దానిని వేరొక డిస్కులోకి ఎక్కించి, కేబుల్ ఊడదీసి, బీరువాలో పెట్టండి.