బ్లాక్ కొట్టి వదిలేయకండి

"సార్, మీ పేరు మీద ఐదు లక్షల ప్రీ-అప్రూవ్డ్ లోన్ ఉంది..." మీటింగ్ మధ్యలో ఈ మాట వినని వాళ్లు మనలో ఎవరున్నారు? కట్ చేస్తాం, నంబర్ బ్లాక్ చేస్తాం. సాయంత్రానికి అదే లోన్ ఇంకో నంబర్ నుంచి వస్తుంది.

విసుగొచ్చి చాలామంది తెలియని నంబర్లు ఎత్తడమే మానేశారు. అసలు నష్టం అక్కడే. ఇంటర్వ్యూకి పిలిచే హెచ్‌ఆర్, ఊళ్లో నాన్నకి బాగోలేదని చెప్పడానికి ఫోన్ చేసే పక్కింటి అంకుల్... వీళ్లవీ తెలియని నంబర్లే కదా!

బ్లాక్ పనిచేసేది మీ ఫోన్లోనే. ఆ సిమ్ మాత్రం హాయిగా ఇంకొకరికి డయల్ చేస్తూనే ఉంటుంది.

ముందు డీఎన్‌డీ పెట్టుకోండి. ఇంగ్లిష్‌లో 'స్టార్ట్' అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, 0 కొట్టి 1909కి మెసేజ్ పంపితే చాలు. బ్యాంకు ఓటీపీలు ఆగిపోతాయని భయం వద్దు, అవి వస్తాయి.

"డీఎన్‌డీ పెట్టినా కాల్స్ వస్తున్నాయిగా" అంటారా? నిజమే. రిజిస్టరైన టెలిమార్కెటర్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి చేయాలి. డీఎన్‌డీ లిస్టు చూసుకునేది వాళ్లే. మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి అమ్మకాలు సాగించేవాళ్లు అసలు ఆ లిస్టు జోలికే పోరు. వాళ్ల పని పట్టాలంటే కంప్లయింట్ ఇవ్వాల్సిందే. దీనికి మీకు డీఎన్‌డీ ఉండక్కర్లేదు కూడా. ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ, 1909కి కాల్ చేసి గానీ ఆ నంబర్, తేదీ, ఏం అమ్మజూపారో చెప్పాలి. కాల్ వచ్చిన 7 రోజుల్లోపే సుమా.

ఒక్క కంప్లయింట్‌తో ఏమవుతుందిలే అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ రూల్స్ మార్చింది. ఇదివరకు ఒక నంబర్ మీద చర్యకి 7 రోజుల్లో 10 కంప్లయింట్లు కావాలి. ఇప్పుడు 10 రోజుల్లో 5 చాలు. తప్పు తేలితే మొదటిసారి 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్. మళ్లీ దొరికితే వాళ్ల కనెక్షన్లన్నీ ఏడాదిపాటు కట్.

ఇంకో మాట. అవతల మాట్లాడేది చాలాసార్లు మన ఈడు వాళ్లే, నెల టార్గెట్‌తో కుస్తీ పడుతున్నవాళ్లే. వాళ్లని తిడితే మన బీపీ పెరుగుతుంది తప్ప నంబర్ ఆగదు. "వద్దండీ" అని పెట్టేయండి. ఆ రెండు నిమిషాల కోపాన్ని 1909 మీదకి మళ్లించండి. ఆ ఐదింట్లో ఒకటి మీదే కావచ్చు.