జేబు రాక్షసులకు ఎన్ని మార్కులు?

బిష్టుపూర్‌లో మా ఇంట ఆదివారం సాయంకాలాలు సాధారణంగా ప్రశాంతంగానే గడుస్తాయి. నేను వరండాలో కూర్చుని అనువాదం ప్రూఫులు దిద్దుకుంటూ ఉంటాను. లోపల మా అక్కయ్య టీ కాస్తూ ఉంటుంది. కాని గడచిన ఆదివారం ఆ ప్రశాంతికి భంగం కలిగింది. పద్దెనిమిదేళ్ళ మా మేనల్లుడూ, వాడి స్నేహితుడూ దాదాపు కలియబడినంత పని చేశారు. తగవు రాజకీయాల గురించి కాదు, క్రికెట్టు గురించి అంతకన్నా కాదు. ఒక వీడియో గేమ్‌కు పదికి ఎన్ని మార్కులు ఇవ్వాలన్నదే వారి వివాదం. ఒకడు తొమ్మిది అంటాడు, మరొకడు నాలుగు కూడా దండగ అంటాడు.

చివరికి తీర్పు నా మీద పడింది. "మామయ్యా, నువ్వే చెప్పు. సాహిత్యం చదివినవాడివి, పుస్తకాల బాగోగులు తేల్చేవాడివి" అన్నాడు మా వాడు.

"నేను ఆ ఆట ఆడి ఎరుగనురా, మార్కులు ఎట్లా ఇస్తాను?" అన్నాను.

"ఫరవాలేదండీ, మార్కులు ఇచ్చినవాళ్ళలో చాలామంది ఆడలేదు" అన్నాడు స్నేహితుడు, ఏమాత్రం తొణక్కుండా.

ఆ మాట నన్ను ఆలోచనలో పడవేసింది. వారం రోజులు గడువు అడిగాను. ఈ వ్యాసం ఆ గడువులో పుట్టినదే.

ఆ ఆట పేరు పోకెమాన్. పాకెట్ మాన్‌స్టర్స్, అనగా జేబులో పట్టే రాక్షసులు, అన్న మాటకు అది కుదింపు. రాక్షసులని పేరే గాని, వాటిలో చాలా భాగం ముద్దువచ్చే చిన్న ప్రాణులు. ఆడేవాడు వాటిని అడవుల్లో, గుహల్లో వెదకి పట్టుకోవాలి, పెంచాలి, పందేలకు తయారు చేయాలి. పెంచినకొద్దీ అవి గొంగళిపురుగు సీతాకోకచిలుక అయినట్లు రూపం మార్చుకుంటాయి. ఈ పోలిక నేను కల్పించినది కాదు, ఆట పుట్టుకలోనే ఉన్నది. దీనిని సృష్టించిన సతోషి తజిరి 1965లో జన్మించాడు. టోక్యో శివార్లలోని మచిదాలో పొలాల వెంట, చెరువుల వెంట పురుగులు పట్టుకుంటూ పెరిగాడు. తోటి పిల్లలు అతనిని పురుగుల డాక్టరు అని పిలిచేవారట. అతను పెద్దవాడయ్యేనాటికి ఆ చెరువులు పూడిపోయాయి, పొలాల్లో ఇళ్ళు లేచాయి. పురుగుల వెంట పరుగెత్తే ఆనందం ఎరుగని పట్నపు పిల్లలకు దానిని ఏదో విధంగా అందించాలని అతనికి తోచింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. తజిరి మొదట ఆటలు చేసినవాడు కాదు, ఆటల మీద వ్రాసినవాడు. 1983లో గేమ్ ఫ్రీక్ అనే పేరుతో చేతివ్రాత పత్రిక ఒకటి ప్రారంభించి, ఆటల్లోని కిటుకులను, బాగోగులను చర్చించేవాడు. ఆ పత్రికకు బొమ్మలు వేయడానికి వచ్చిన కెన్ సుగిమోరి తరువాత ఈ రాక్షసులకు రూపం ఇచ్చాడు. పత్రిక పేరే సంస్థ పేరు అయింది. సుమారు ఆరేళ్ళు శ్రమించిన తరువాత 1996 ఫిబ్రవరి 27న 'రెడ్', 'గ్రీన్' అన్న రెండు ప్రతులుగా, నింటెండో వారి గేమ్ బాయ్ అనే చేతి యంత్రం మీద ఈ ఆట వెలువడింది. ఉన్న ప్రాణులు 151. కాని కొన్ని ఒక ప్రతిలో దొరుకుతాయి, కొన్ని రెండవ దానిలో మాత్రమే. అన్నీ కావాలంటే రెండు యంత్రాలను తీగతో కలిపి స్నేహితునితో మార్పిడి చేసుకోవలసిందే. ఒంటరివాడికి ఈ ఆట పూర్తి కాదు. ఆ తొలి ఆట వివిధ ప్రతులు ప్రపంచమంతటా 3 కోట్ల 10 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

అనువాదకుణ్ణి కనుక ముందుగా నా దృష్టి పేర్ల మీద నిలిచింది. వీపున విత్తనం మోసే ఒక ప్రాణి ఉంది. జపాను భాషలో దాని పేరు ఫుషిగిదానె. అందులో 'వింత విత్తనం' అనే అర్థమూ, 'వింతగా ఉంది కదూ' అనే అర్థమూ కలిసి పలుకుతాయి. ఇంగ్లీషువారు దానిని బల్బసార్ చేశారు, ఫ్రెంచివారు బుల్బిజార్ చేశారు. తోకన నిప్పు వెలిగే బల్లి జపానులో హితొకాగె, ఇంగ్లీషులో చార్మండర్, ఫ్రెంచిలో సలమేష్. సలమేష్‌లో దీపపు వత్తి కూడా దాగి ఉంది. ఒక్కొక్క భాష ఆ ప్రాణికి కొత్తగా నామకరణం చేసింది. ఈ కుటుంబానికే చెందిన పోకెమాన్ గో అనే ఫోను ఆటకు 2023లో హిందీ రూపం వచ్చింది, తెలుగు వంతు రాలేదు. మా మేనల్లుడు తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. ఇక్కడి బడులలో చదివిన మా పిల్లలందరిదీ ఇదే పరిస్థితి. అయినా ఆ రాత్రి వాడూ నేనూ కూర్చుని పేర్లు పెట్టాము. ఫుషిగిదానెకు 'వింతవిత్తు' అన్నాను. హితొకాగెకు 'నిప్పుతొండ' అని వాడే అన్నాడు. నా అనువాదాలలో వాడు పాలుపంచుకున్నది అదే మొదటిసారి.

ఇక మార్కుల సంగతి. ఆటలకు అంకెలు వేసే అలవాటు ఇప్పటిది కాదు. జపానులో ఫమిత్సు అనే పత్రిక నలుగురు సమీక్షకుల చేత ఒక్కొక్క ఆటకు పదేసి మార్కుల లెక్కన విలువ కట్టించి, మొత్తం నలభైకి ప్రకటించేది. ఇప్పుడు ఆ పని కొన్నవారూ, కొననివారూ కూడా చేస్తున్నారు. 2019 నవంబరులో పోకెమాన్ 'స్వోర్డ్', 'షీల్డ్' వెలువడ్డాయి. అప్పటికి ప్రాణుల సంఖ్య తొమ్మిది వందల దాకా పెరిగింది. అవి అన్నీ కొత్త ఆటలో ఉండవని తయారీదారులు తెలిపారు. ఏళ్ళ తరబడి పెంచి, ఒక ఆట నుండి మరొక ఆటకు భద్రంగా తెచ్చుకున్న ప్రాణికి కొత్త ఇంట చోటు లేదంటే ఎవరికైనా కోపం రాకుండునా? విమర్శకుల సగటు నూటికి ఎనభై దగ్గర నిలిచింది. మెటాక్రిటిక్ అనే మార్కుల పట్టికలో ఆటగాళ్ళ సగటు మాత్రం పదికి అయిదు కూడా చేరలేదు. ఆట మాత్రం 2 కోట్ల 50 లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

మూడేళ్ళకు, 2022 నవంబరులో, 'స్కార్లెట్', 'వయొలెట్' వచ్చాయి. బొమ్మలు తడబడటం, మనుషులు గోడల్లోంచి దూరిపోవడం వంటి లోపాలు కొల్లలు. ఆటగాళ్ళు మళ్ళీ మార్కులు తెగ్గోశారు. ఈసారి కారణం న్యాయమైనదే. డిసెంబరులో నింటెండోవారు ఇబ్బందికి మన్నించమని కోరారు కూడా. అయినా తొలి మూడు రోజులలోనే కోటి ప్రతులు చెల్లాయి.

కనుక మార్కులన్నీ వ్యర్థమని నేను అనను. లోపం ఉన్నచోట వేలమంది ఒక్క గొంతుతో అరిస్తేనే వినవలసినవారికి వినిపిస్తుంది. చిక్కల్లా ఎక్కడంటే, కోపమూ, అభిమానమూ, పుకారూ, నిజమైన అనుభవమూ అన్నీ ఒకే అంకెలో కరిగిపోతాయి. 2020 జులైలో మరొక ఆట విషయమై ఇటువంటి గొడవే ముదిరినప్పుడు, విడుదలైన 36 గంటల వరకు ఆటగాళ్ళ మార్కులు స్వీకరించరాదని మెటాక్రిటిక్‌వారు నియమం పెట్టుకున్నారు. కనీసం ఆడిన తరువాత మాట్లాడండి అని దాని భావం. నాకూ ఇందులో స్వానుభవం లేకపోలేదు. రెండేళ్ళు కష్టపడి తెలుగు చేసిన ఒక నవలకు ఒక పాఠకుడు ఒక్క చుక్క ఇచ్చాడు. 'పార్సెల్ ఆలస్యంగా వచ్చింది, అట్ట నలిగింది' అని వ్రాశాడు. లోపలి పేజీలు తిప్పాడో లేదో నాకు నేటికీ తెలియదు.

ఇంతవరకు ఆటకు మనుషులు వేసిన మార్కులు. ఆట వేసే మార్కులు వేరే ఉన్నాయి. అక్కడే మా ఇంటి కథ మొదలవుతుంది.

పోకెమాన్ గో 2016 జులైలో విదేశాల్లో మొదలై, అదే ఏడాది డిసెంబరులో మన దేశానికి వచ్చింది. ఇందులో ఇంట కూర్చుని ఆడటానికి ఉండదు. ఫోను పట్టుకుని వీధుల్లో, తోటల్లో నడవాలి. విగ్రహాలు, ఉద్యానాలు, దేవాలయాలు దీనికి మజిలీలు. ప్రాణుల గుడ్లు దొరుకుతాయి. ఆటగాడు రెండో అయిదో పదో కిలోమీటర్లు నడిస్తేనే అవి పొదుగుతాయి. దేవాలయాల దగ్గర గుడ్లు కనిపించడం మనోభావాలకు భంగకరమని, ఆట ఇంకా ఇక్కడికి రాకముందే, 2016 సెప్టెంబరులో గుజరాత్ హైకోర్టులో ఒక వ్యాజ్యం కూడా నడిచింది.

మా నాన్నగారు శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చి, ఇక్కడి ఇనుప కర్మాగారంలో జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. బిష్టుపూర్ ఆంధ్రభక్త శ్రీరామమందిరంలో నవమి ఉత్సవాలకు తప్పక వెళ్ళేవారు. చక్కెరవ్యాధి వచ్చింది, రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. "కార్ఖానాలో నడిచిన నడక చాలదా?" అని కుర్చీ కదిలేవారు కారు. మేము ఎంత చెప్పినా ఫలితం లేదు. 2017 చలికాలంలో ఒకనాడు మనవడు, అప్పటికి పదేళ్ళవాడు, "తాతయ్యా, నా గుడ్డు పొదగాలంటే అయిదు కిలోమీటర్లు నడవాలి, అమ్మ ఒంటరిగా పోనివ్వదు" అన్నాడు. "శ్రీరాములవారి గుడికి పోయే మనిషిని, నాకు గుడ్డు కాపలా పెడతావురా?" అని నవ్వుతూనే చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. ఆ తరువాత ఇంచుమించు ప్రతి సాయంకాలం తాతా మనవలు జూబిలీ పార్కులో ఉండేవారు. కర్మాగారం యాభై ఏళ్ళ పండుగ గుర్తుగా ఊరికి ఇచ్చిన ఆ తోటను 1958లో నెహ్రూగారు ప్రారంభించారు. దానిలో కాలిబాటలన్నీ తమకు తెలుసునని నాన్నగారు అనేవారు. ఆ గుడ్ల పుణ్యమా అని నిజంగా తెలుసుకున్నారు.

ఒకనాడు ఆయన స్వయంగా వేలితో బంతి విసిరి, పిచ్చుకవంటి ఒక పక్షిని పట్టారు. పిడ్జీ అని దాని పేరు. ఎక్కడపడితే అక్కడ దొరికే సామాన్యమైన పక్షి.

ఆ ఆటలో ప్రతి ప్రాణికీ దాడికి, రక్షణకు, ఓర్పుకు మూడు రహస్యపు అంకెలుంటాయి. ఒక్కొక్కటి సున్న నుండి పదిహేను వరకు. మూడూ పదిహేను అయితే నూటికి నూరు. అడవిలో మామూలుగా దొరికే ప్రాణులలో అటువంటిది 4096లో ఒకటి. ఆటగాళ్ళు దానికోసమే వెదకుతారు. తక్కువ అంకెల ప్రాణులను సంచీలోంచి తీసివేస్తారు. ఈ పిడ్జీకి ఆట ఇచ్చిన చుక్కలు సున్న. మా వాడు దానికి 'తాతయ్య' అని పేరు పెట్టుకున్నాడు.

నాన్నగారు 2021లో కన్నుమూశారు. మరుసటి ఏడు మా వాడు ఒక ప్రయత్నం చేశాడు. అనుభవం గడించిన ఆటగాళ్ళు తమ ఊరి విశేష స్థలాలను ఆటలో చేర్చమని ప్రతిపాదించవచ్చు. ఎక్కడెక్కడి ఆటగాళ్ళో ఆ స్థలాలకు అప్పట్లో ఒకటి నుండి అయిదు చుక్కలు వేసేవారు. మా వీధి మలుపులో ఒక వేపచెట్టు, దాని చుట్టూ సిమెంటు అరుగు ఉన్నాయి. విశ్రాంతి తీసుకున్న మా తెలుగు పెద్దలు సాయంకాలాలు అక్కడే చేరేవారు. మా వాడు ఫోటో తీశాడు, వర్ణన నా చేత వ్రాయించుకున్నాడు. ఇంగ్లీషు సాహిత్యం చదివిన విద్యనంతా ఆ నాలుగు వాక్యాల్లో పెట్టాను. కొన్ని వారాలకు జవాబు వచ్చింది: తిరస్కరించడమైనది. వట్టి చెట్టు ప్రకృతిసిద్ధమైనది, నియమాలకు సరిపోదు.

వారిని తప్పుపట్టలేను. వారికి కనిపించింది చెట్టే. ఎక్కడో ఉన్న మనిషికి ఆ అరుగు మీద కూర్చున్నవారు ఎట్లా కనిపిస్తారు? మా వాడు ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

గడువు తీరింది. ఈ ఆదివారం ఇద్దరూ వరండాలో హాజరయ్యారు. నేను తీర్పు చెప్పకుండా మా వాణ్ణే అడిగాను: "ఆ కొత్త ఆటకు నాలుగు మార్కులే అంటివి గదా, ఎన్ని గంటలు ఆడావు?"

"రెండు వందల గంటలు" అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ. స్నేహితుడు పగలబడి నవ్వాడు.

"మరి గో ఆటకు?"

"అందులో తప్పులు చాలా ఉన్నాయి, మామయ్యా. ఆరు ఇస్తాను." ఒక క్షణం ఆగి, ఫోను నా ముందు పెట్టాడు. పిట్ట బొమ్మ, దాని కింద 'తాతయ్య' అన్న పేరు, పక్కన ఖాళీగా ఉన్న మూడు చుక్కలు. "మొన్న సంచీ నిండిపోతే మూడు వందలు తీసేశాను. దీన్ని తీయలేదు."

నేను దానికి మార్కులు అడగలేదు. అక్కయ్య టీ తెచ్చింది. తాగి, ముగ్గురమూ లేచి వేపచెట్టు దాకా నడిచాము.